నీలం డ్రమ్ము

మిరుగం రెండు దినాలు ఉన్నదనంగ
అటుక మీదికెళ్లి డ్రమ్ము దించుతం.
అద్దకం కార్ఖాన కాడ మామ అడిగి తెచ్చినదది.
ఎన్నిసార్లు కడిగినా మూత తీస్తే
ఇంకా రంగుల వాసనే.
దాని ఇనుప కడెం ఊడదీసుడు
మా అత్త భారతమ్మకొక్కదానికే వస్తది,
గరిటె కాడతోని.

నేను గట్టుప్పల పిల్లను.
ట్యాంకరొచ్చే దినం మా అమ్మ
బిందెలు, బకిట్లు, నూనె డబ్బాలు,
ఆఖరికి పెండ్లిల పెట్టిన గంగాళం గూడ
వాకిట్ల వరుస పెట్టేది.
బోరు నీళ్లు తాగి
పండ్లు గారవట్టిన ఊరు మాది.
నీళ్లు దాసుకునే ఇంట్ల పుట్టి
నీళ్లకు దొరక్కుంట దాసుకునే ఇంటికి వచ్చిన.

రాజోలిల ఆ రాత్రి నేను లేను, విన్నదే.
తుంగభద్ర గడప దాటి వచ్చి
మామ కాళ్లు పెట్టే మగ్గం గుంటల
తన కాళ్లు పెట్టి కూసున్నదట.
కొంగు దాకా వచ్చిన చీర
మూడో దినం బురదల దొరికిందట,
జరీ మాత్రం మెరుసుకుంటనే.

అత్త కథ చెప్పదు.
ఒక్కొక్క సామాను తీసి చాప మీద పెడ్తది.

మూతకు మైనం పోసిన హార్లిక్స్ సీసల అగ్గిపెట్టెలు.
"మిద్దె మీద కట్టెలుండె. అగ్గి లేకుండె."
అంతే, ఇగ ఇంకో సామాను.
నాలుగు పాత చీరలు పేనిన తాడు.
టార్చిలైటు, పక్కన కాగితంల చుట్టిన సెల్లులు.
రేషన్ కార్డు నకలు, బ్యాంకు బుక్కు నకలు,
మా నందు పుట్టిన సర్టిఫికెటు,
అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగు.
"మనం మనమేనని చెప్పనీకె
గద్వాలకు ఆరు నెలలు తిరిగినం."
అలంపురం జాతరల కొన్న ఎర్ర ఈల.
నందుగాడు ఊదబోతే చెయ్యి మీద ఒక్కటేసింది.
"గొంతు పోయినంక గూడ
ఊపిరి ఉంటది రా. గందుకు, ఆటకు గాదు."

ఇగ తిండి.
అటుకులు, పుట్నాలు, పేలపిండి, ఉప్పు, బెల్లం.
పోయినేడువి బయటికి, కొత్తవి లోపటికి.
బయటికొచ్చినయి పారేస్తే పాపమట,
వారం దినాలు పొద్దుమాపు అవే.
పురుగులు ఏరి, చెరిగి, పోపు పెట్టినా
ముక్కిన వాసన పోదు.
ఆపద రాని యేడు
ఆపదనే వండుకొని తింటం మేము.

మా ఆయన మొఖం ముడుస్తడు.
"ఇప్పుడు ఫోన్ల ముందే చెప్తరమ్మా,
డ్యాం గేట్లు ఎప్పుడు ఎత్తేదీ."
"మంచిది. ఆకలైతే ఫోను తిను."

ఈ యేడు నేనొకటి చేసిన.
రెండు లీటర్ల సీస నిండ మంచినీళ్లు పట్టి
పేలపిండి పక్కకు దూరుస్తుంటె
అత్త పడి పడి నవ్వింది.
"వరదకు ఎదురు నీళ్లు తీస్కపోతవానే!
గట్టుప్పల బుద్ధి పోనిచ్చుకోవు."
నాకూ నవ్వొచ్చింది.
సీస బయటికి తీస్తున్న.

ఉండు, అన్నది.

చాప మీద ఉప్పు ప్యాకెట్టు అట్లనే పట్టుకొని
గోడ దిక్కు చూసింది,
నీళ్లు నిలవడ్డ గీత సున్నం కింద ఉన్న దిక్కు.
"రెండు రాత్రులు, ఒక పగలు.
మా పద్మ అడిగింది అదొక్కటే.
చుట్టూ అంత ఏరుండంగ
పిల్లకు ఏం పోయాల్నో తెల్వకుండె."
పద్మ మా ఆడిబిడ్డ. ఇప్పుడు కర్నూల్ల ఉంటది,
ఇద్దరు పిల్లలు. మొన్ననే వచ్చిపోయింది.
ఈ ముచ్చట ఆమె గూడ ఎన్నడు చెప్పలే.

పదిహేనేండ్ల సంది దించి, ఎక్కించి, ఏరి, సర్ది
మా అత్త మరిచింది నీళ్లను.

"ఇంకొకటి పట్టుకరా," అన్నది.
రెండో సీస పెడితే మూత పట్టలే.
తాడు ఇటు జరిపింది, అటుకులు ఒత్తింది,
ఈల తీసి మళ్ల పెట్టింది.
ఆఖరికి బెల్లం అచ్చు బయటికి తీసి
సగం ఇరిచి నందుగాని చేతుల పెట్టి,
కడెం బిగిస్త, గరిటె ఇయ్యి, అన్నది.